తూటాల మావ

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు సుంగై సుమున్ నుంచి మోటారుసైకిలు మీద ఇపో వచ్చాడు. వాళ్ళమ్మ పంపిన కొబ్బరినూనె సీసా, ఎండుచేపల పొట్లం బల్లమీద పెట్టి ఊరి సంగతులు ఒక్కొక్కటే చెప్పాడు. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఏ తోటలో కొబ్బరిచెట్లు కొట్టేసి పామాయిలు మొక్కలు వేస్తున్నారు, గుడి పైకప్పు రేకులు ఎప్పుడు మారుస్తారు, ఇలాంటివి. కాఫీ తాగి, గుమ్మంలో జోళ్ళు వేసుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"పెద్నాన్నా, పాత వర్క్‌షాపు ఎనకాల తూటాల తాతని ఒకాయన ఉండేవాడు, గుర్తుందా? పోయినాడు లా. పోయిన నెల్లోనే."

"అంత్యక్రియలు ఎవరు చేశారు?"

"ఎవరున్నారు? మనోళ్ళు నలుగురు కలిసి కాల్చినారు. ఆ సంపాన్ పడవ నడిపే మలాయోళ్ళ పిల్లలు వచ్చి దూరంగా నిలబడినారంట. నాకు సరిగ్గా తెల్దు."

వాడు వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. నెల రోజులు. ఆ మనిషి లేని లోకంలో నెల రోజులపాటు పొద్దున్నే లేచి, పేపరు చదివి, పక్కింటాయనతో గొంతు పెంచి రాజకీయాలు మాట్లాడాను. ఏమీ తెలియలేదు. తెలియజేయడానికి ఆయనకూ నాకూ మధ్య ఏం మిగిలింది కనక?

బాగన్ దాతుక్ పక్కన కొబ్బరితోటలో నేను డ్రెస్సరుగా చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. జపాన్ వాళ్ళు పోయి రెండేళ్ళయింది. డాక్టరు నెలకొకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ తోట ఆసుపత్రి నాదే. కత్తిగాట్లు కడగడం, జ్వరం మందు కలపడం, కాన్పు కష్టమైతే లారీ కోసం పరుగెత్తడం. మా నాన్న గుమాస్తా కాబట్టి, లైన్లని పిలిచే వరస ఇళ్ళలో ఉండే కూలీలంతా నన్ను బాబూ అనేవాళ్ళు. ఆ పోయిన మనిషీ అలాగే అన్నాడు.

ఆయన పేరు తోట హాజరు పుస్తకంలో ఉండేది. పిలిచేవాళ్ళెవరూ లేరు. పెద్దా చిన్నా అందరికీ తూటాల మావ. వర్క్‌షాపులో ఫిట్టరు. పొట్టి మనిషి, నలభై దాటినవాడు. ఎడమ కనుబొమ్మ లేదు. ఎప్పుడో మంట తగిలి పోయింది, మళ్ళీ మొలవలేదు. దానివల్ల ఆయన ముఖం ఒక పక్క నిద్రపోతున్నట్టూ ఒక పక్క ఆలోచిస్తున్నట్టూ ఉండేది.

మొదటిసారి వచ్చినప్పుడు రోగులందరూ వెళ్ళేదాకా గుమ్మం బయటే నిలబడ్డాడు. జ్వరమా అంటే కాదన్నాడు. గాయమా అంటే చేతులు చాపి చూపించాడు, ఏమీ లేదు.

"బాబూ, మందు తూసే త్రాసు ఉంటాది గదా మీకాడ. అద్దాల బీరువాలోది. దాన్నొకసారి సూడొచ్చా?"

చూపించాను. వేలు పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పళ్ళేల్నీ ముల్లునీ చాలాసేపు చూశాడు. పక్కన పెట్టెలో చిన్న చిన్న తూకపురాళ్ళు వరసగా ఉన్నాయి. అవి గ్రెయిన్లని చెప్పాను. క్వినైను ఇన్ని గ్రెయిన్లు, పిల్లలకైతే ఇన్ని, అని.

ఆయన మొహం వెలిగింది. "మా దొర కాయితంలో రాసిందీ గ్రెయినే బాబూ. అంటే జొరానికీ మొసలికీ ఒకటే కొలతన్నమాట."

మా తోట మేనేజరు, ఇంగ్లీషు దొర తుపాకీ సంగతి ఇక్కడ చెప్పాలి. యుద్ధానికి ముందు ఆయన ఇంగ్లండులో ప్రత్యేకంగా చేయించుకున్న రైఫిలు అది. ఏనుగుల్ని కొట్టే పెద్ద మాగ్నం తూటా గొట్టం తీసుకుని, దాని మెడ నొక్కి సన్నం చేసి, చిన్న గుండు కూర్చుకునేలా కట్టారు. తుపాకిమందు ఎక్కువ, గుండు తేలిక. అందుకని చాలా దూరం తిన్నగా పోతుంది. పెరాక్ నది సముద్రంలో కలిసేచోట బురదమేటల మీద మొసళ్ళు ఎండకు పడుకునేవి. వాటిని ఇవతలి గట్టు మీంచి కొట్టాలని దొర సరదా. చిక్కేమిటంటే అలాంటి తూటా ఏ దుకాణంలోనూ దొరకదు. లోకంలో ఆ తుపాకీ ఒక్కటే, దానికి పట్టే తూటా ఒక్కటే. ప్రతిదీ చేత్తో చేసుకోవాలి. దొర నేర్పాడు, మావ నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి దొర చేసినవాటికంటే మావ చేసినవే బాగుంటున్నాయని దొరే ఒప్పుకుని పని మొత్తం ఆయనకు వదిలేశాడు.

జపాన్ వాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజు ఇద్దరూ కలిసి ఆ రైఫిలునీ పనిముట్లనీ గ్రీజు పూసి కొబ్బరి ఎండబెట్టే కొట్టు నేల కింద పాతారు. దొరని సింగపూరు జైల్లో వేశారు. మావని సయాం రైలుదారి పనికి లారీ ఎక్కించారు. ఇద్దరూ బతికి వచ్చారు. ఇద్దరూ కలిసి తవ్వారు. తుపాకీ తుప్పు పట్టలేదు. దొర బంగళాలో ఉన్న త్రాసు మాత్రం జపాన్ వాళ్ళు ఎత్తుకుపోయారు. అందుకని మావ నా గుమ్మంలోకి వచ్చాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆసుపత్రిలో ఎవరూ ఉండరు. ఆయన ఒక బిస్కెట్ల డబ్బాతో వచ్చేవాడు. ఆ రోజు ఆకూవక్కా వేసేవాడు కాదు. బూడిదతో మోచేతులదాకా చేతులు తోముకుని, ఆరేదాకా గాలిలో పట్టుకుని నిలబడేవాడు. తూటా అడుగున పెట్టే చిన్న క్యాపుకి చెమట తగిలితే అది చచ్చిపోతుందట. తరవాత కిటికీ మూయమనేవాడు. "గాలి తగిల్తే ముల్లు అబద్దం సెప్తాది బాబూ." చీపురుపుల్ల సన్నగా తరిగినట్టుండే నల్లటి మందు చెంచాతో పళ్ళెంలో పోసి, చివరికి బొటనవేలూ చూపుడువేలూ రాపాడిస్తూ ఒక్కొక్క పలుకూ రాల్చేవాడు. ముల్లు నిలబడేదాకా ఊపిరి తీసేవాడు కాదు. నేనూ తీసేవాణ్ణి కాదు.

ఒకసారి వర్క్‌షాపులో ఆయన ఖాళీ గొట్టాలకి సెగ పెట్టడం చూశాను. పళ్ళెంలో నీళ్ళు పోసి గొట్టాలు నిలబెట్టి, పైకి తేలిన మెడలకు మాత్రం దీపం మంట చూపిస్తాడు. రంగు మారగానే వేలితో తట్టి నీళ్ళలో పడేస్తాడు. ఎందుకలా అంటే చెప్పాడు.

"కాల్చిన పెతిసారీ ఇత్తడి సాగుతాది, మళ్ళీ మనం నొక్కుతాం. సాగి సాగి గట్టిపడిపోతాది. అలసిపోతాదన్నమాట. అప్పుడు మెడకాడ పగుల్తాది. కూసింత సెగ సూపించి ఊరుకోబెడితే మళ్ళీ మెత్తబడతాది."

"ఎన్నిసార్లు అలా?"

"దానికి తెలుస్తాది."

ఆయన మాటలు ఇంతే ఉండేవి. మనుషుల గురించి మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. ఆయన గురించి నాకు తెలిసినవి లైన్లలో ఆడవాళ్ళు చెప్పినవే. సయాం నుంచి తిరిగొచ్చేసరికి ఆయన చచ్చిపోయాడని ఊళ్ళో కబురు వచ్చి రెండేళ్ళయింది. భార్య వేరే తోటలో ఇంకొకతనితో కాపురం పెట్టింది. చంకలో బిడ్డ. ఈయన ఆ తోటదాకా నడిచి వెళ్ళి, కుళాయి దగ్గర ఆమె నీళ్ళు పట్టుకోవడం చూసి, పలకరించకుండా తిరిగి వచ్చేశాడట. ఎందుకు పలకరించలేదని ఒక ముసలమ్మ అడిగితే, "బతికున్నానని సెప్పి ఏటి సెయ్యాల? ఆవిడి కాపరం కుదురుకున్నాది గదా," అన్నాడట. ఆమెకు ఎప్పటికైనా తెలిసిందో లేదో నాకు తెలియదు.

ఆయన తుపాకీ ఎప్పుడూ పేల్చలేదు. ఒక్కసారి కూడా. దొర ఇస్తానన్నా పట్టుకోలేదు. వాళ్ళతో నేనొకసారి గట్టు మీదకి వెళ్ళాను. సంపాన్ నడిపే మలాయి ఆయన, దొర, మావ, నేను. నీళ్ళు వెనక్కి తీసిన వేళ. అవతల బురదమేట మీద మొసలి దుంగలాగ పడుంది. నా కళ్ళకి అది నిజంగా దుంగే. దొర బోర్లా పడుకుని గురి చూస్తున్నాడు. ఎండకి బురద మీద గాలి నీళ్ళలాగ అల్లాడుతోంది. దొరా సంపానాయనా నేనూ అవతలికి చూస్తున్నాం. మావ మాత్రం తుపాకీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో గుడ్డ పరుచుకుని, గొట్టం వచ్చి పడే చోటు చూస్తున్నాడు.

పేలింది. కాసేపటికి అవతలి నుంచి తడిబట్ట బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు. "తగిలినాది," అన్నాడు మావ, తలెత్తకుండానే. దొర బోల్టు లాగాడు. గొట్టం ఎగిరి గుడ్డలో పడింది. మావ దాని మూతి వాసన చూశాడు, అడుగు తిప్పి చూశాడు, మెడ మీద గోరుతో నెమ్మదిగా రాశాడు. సంపానాయన ఎగిరి గంతేస్తున్నాడు. ఆ మొసలి అంతకుముందు నెలలో అతని మేనల్లుణ్ణి వల దగ్గర లాక్కుపోయిందని నాకు తరవాత తెలిసింది. అతను ఏడుస్తూ వచ్చి మావ రెండు చేతులూ పట్టుకున్నాడు. కాల్చిన దొరని కాదు, మావని. మావ ఏం చెయ్యాలో తెలియక ఆ వేడి గొట్టాన్ని అతని చేతిలో పెట్టాడు.

ఆ మరుసటి ఏడు కమ్యూనిస్టులు తుపాకులతో అడవి పట్టారు, ఎమర్జెన్సీ వచ్చింది. ముందు పైనున్న రబ్బరు తోటల్లో, తరవాత మా దాకా. తోట చుట్టూ ముళ్ళతీగ వేశారు. లైన్లలో బియ్యం కొలిచి ఇచ్చేవారు. దొర కారుకి ఇనపరేకులు బిగించారు. తుపాకులన్నీ స్టేషన్లో రాయించుకోవాలి, తూటాలు ఎన్నున్నాయో చెప్పాలి. అనుమతి లేకుండా ఒక్క తూటా దొరికినా ఉరి అని గుడి గోడకి నాలుగు భాషల్లో కాగితం అంటించారు. తెలుగులో లేదు. నేను చదివి చెప్పాను.

పనిముట్లన్నీ దొర బంగళాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారాలు ఆగిపోయాయి. మావ ఆదివారం మధ్యాహ్నాలు ఆసుపత్రి ముందు నుంచి నడిచి వెళ్ళేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. "ఏటి మావా, ఇలా?" అంటే, "ఊరికే బాబూ," అనేవాడు.

ఆరు నెలల తరవాత ఒక ఆదివారం లోపలికి వచ్చాడు. బిస్కెట్ల డబ్బా ఉంది. దొర ఎగువకి వేటకి వెళ్తాడట, తొమ్మిది తూటాలు కావాలట, పోలీసుల సంగతి తాను చూసుకుంటానన్నాడట. నేను కాదనలేదు. ఆయన చేతులు తోముకుంటుంటే నేనే వెళ్ళి కిటికీ మూశాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉంది. నాకు ఆ తోటలో స్నేహితులెవరూ లేరు. కూలీలకి నేను బాబుని, ఆఫీసువాళ్ళకి గుమాస్తా కొడుకుని. ఊపిరి బిగబట్టి ఇంకొక మనిషితో ఒకే ముల్లు వైపు చూడటం, అదొక్కటే నాకున్న స్నేహం.

వేటకి వెళ్ళకముందే, మావ ఆ తూటాలు అప్పగించకముందే, తెలుక్ ఆన్సన్ దారిలో దొర కారు మీద కాల్పులు జరిగాయి. ఇనపరేకులు పక్కలకే ఉన్నాయి. గుండు ముందు అద్దంలోంచి వచ్చింది. శవాన్ని నా ఆసుపత్రికే తెచ్చారు. నేను కడిగాను. మావ గుమ్మం బయట నిలబడ్డాడు, మొదటిసారి నిలబడ్డట్టే.

రెండో రోజు పోలీసులు బంగళా సోదా చేసి తుపాకీ పట్టుకుపోయారు. దొర పుస్తకంలో గొట్టాలెన్నో రాసుంది. తొమ్మిది తక్కువ. అవి మావ గదిలో, బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం వచ్చి నాకు ఆ సంగతి చెప్పాడు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల.

"విప్పెయ్ మావా. మందు కాల్చెయ్. గొట్టాలు ఏట్లో పారెయ్."

"పారెయ్యొచ్చు. ఆటూపోటూ పైకి తెస్తాది. పీతలు పట్టే పిల్లలకి దొరికితే? అది సరే బాబూ. తొమ్మిది తక్కువున్నాయని ఆళ్ళకి తెలుసు. రేపు లైన్లంతా సోదా ఎడతారు. దొరక్కపోతే మరీ ఎడతారు. ఎవుణ్ణో ఒకణ్ణి లాక్కుపోతారు."

"అయితే?"

"నానే ఎల్లి ఇచ్చేస్తాను."

వద్దని అన్నాను. ఉరి అన్నాను. ఆయన వెళ్ళడానికి లేచాడు. నిర్ణయం అయిపోయిందని నాకు అర్థమయింది. అప్పుడు నేనన్న మాట ఒకటుంది. ఇన్నేళ్ళలో మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"నా త్రాసు మాట ఎత్తకు మావా."

ఆయన నా వైపు చూశాడు. కనుబొమ్మ లేని పక్క కదలలేదు. "లేదు బాబూ," అన్నాడు.

బిస్కెట్ల డబ్బాలో తొమ్మిది తూటాలు గుడ్డ చుట్టి పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పోలీస్ స్టేషనుకి నడిచి వెళ్ళాడు. దారిలో రెండు చోట్ల సోదా చేసే గేట్లున్నాయి. రెండు చోట్లా ఆయనే డబ్బా మూత తీసి చూపించాడట.

నాలుగు రోజుల తరవాత ఆయన్ని నా ఆసుపత్రికి తెచ్చారు. చేతికి సంకెళ్ళు. పెదవి చిట్లి ఉంది. వెంట ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇన్‌స్పెక్టరు మలాయి బాగా మాట్లాడేవాడు. ఆయన అడిగేదానికి మావ తువాన్, అంటే దొరగారూ, అంటూ మలాయిలోనే జవాబు చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు బాధ ఏమిటంటే, తొమ్మిది తూటాలూ విప్పించి మందు తూయించాడు. తొమ్మిదీ సరిగ్గా ఒకటే బరువు. బంగళాలో త్రాసు లేదు, ఈయన గదిలో లేదు. అయితే ఎక్కడో ఎవరో ఇంకొకరున్నారు. అడవిలో వాళ్ళకి తూటాలు చేసిపెట్టే గుంపు ఉంది అని ఆయన లెక్క.

"ఈ తూటా ఇంకే తుపాకీలోనూ పట్టదు తువాన్," అన్నాడు మావ. "అడివిలో ఆళ్ళకి దీంతో పని లేదు. దొర తుపాకీ ఒక్కదానికే."

"తూటా అంటే తూటాయే. త్రాసు ఎక్కడ?"

"సేత్తో తూసినాను."

"చేత్తో."

"అవును."

అందుకే తెచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పిన మందంతా నా బల్లమీద పోయించాడు. ఒక చెంచా ఇచ్చాడు. సంకెళ్ళు తీయించాడు. కాగితం ముక్కలు అయిదు పరిచి, "చెయ్యి," అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు తూచు," అన్నాడు.

మావ చేతులు చూసుకున్నాడు. వేళ్ళు వాచి ఉన్నాయి. చొక్కా అంచుతో తుడుచుకుని మొదలుపెట్టాడు. చెంచాతో పోసి, బొటనవేలూ చూపుడువేలూ రాపాడిస్తూ రాల్చాడు. పళ్ళెం లేదు, ముల్లు లేదు. కాగితం మీద కుప్ప వైపు కూడా సరిగ్గా చూడలేదు. ఎదుటి గోడ వైపు చూస్తూ వేళ్ళతోనే విన్నాడు. అయిదు కుప్పలయ్యాయి.

నేను తూచడం మొదలుపెట్టాను. మొదటిది, రెండోది ఒకటే. మూడోది పెట్టేసరికి ముల్లు ఊగడం మొదలుపెట్టింది. ఆగదు. నా చేతులు తగులుతున్నాయనుకున్నాను. వెనక్కి తీసేశాను, అయినా ఊగుతోంది. ఇన్‌స్పెక్టరు వంగి చూస్తున్నాడు. మావ కళ్ళు ఒక్కసారి కిటికీ వైపు వెళ్ళాయి. కిటికీ తెరిచి ఉంది. సముద్రం గాలి. ఆయన నోరు తెరవబోయి మూసుకుని, నేల వైపు చూశాడు. ఆ త్రాసుకి గాలి పడదని తెలుసని చెబితే ఇంకేముంది. నాకు తెలుసు. ఆ కిటికీ రెండడుగుల దూరంలో ఉంది. నేను కదల్లేదు.

గాలి దానంతట అదే తగ్గింది. ముల్లు నిలబడింది. మూడోది ఒకటే. నాలుగోది ఒకటే. అయిదోది ఒక పలుకు తేడా. ఇన్‌స్పెక్టరు మందు మళ్ళీ పొట్లం కట్టించాడు.

తరవాత నన్ను అడిగాడు. "ఈ మనిషి నీకు తెలుసా?"

మావ నేల వైపే చూస్తున్నాడు.

"జ్వరానికి మందు కోసం వస్తాడు, అందరిలాగే," అన్నాను. "నాకు తెలీదు."

దాన్ని కాగితం మీద రాయించి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఉరి తప్పింది. తనంతట తానే తెచ్చి ఇచ్చాడనీ దొర పుస్తకంలో ఆయన పేరుందనీ వదిలారు. వదలడమంటే ఇంటికి కాదు, ముళ్ళతీగ క్యాంపుకి. అక్కడ అయిదేళ్ళు ఉంచారు. ఆ అయిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా చూడటానికి వెళ్ళలేదు. నాకు కొడుకు పుట్టాడు, తరవాత కూతురు. సంపానాయన మాత్రం రెండుసార్లు ఎండు రొయ్యలు పట్టుకుని బస్సులో వెళ్ళివచ్చాడని విన్నాను.

ఆయన తిరిగి వచ్చేసరికి వర్క్‌షాపులోకి రానివ్వలేదు. గడ్డి కోసే పని ఇచ్చారు. వర్క్‌షాపు వెనకాల రేకుల గదిలో ఉండనిచ్చారు. చేతులు అలాగే ఉన్నాయి, వేళ్ళు మాత్రం కొంచెం వంకర. దారిలో ఎదురైతే, "దండాలు బాబూ," అనేవాడు. నేను, "బావున్నావా మావా?" అనేవాణ్ణి. అంతే.

మెర్దెకా, అంటే స్వతంత్రం, దగ్గర పడుతున్న రోజుల్లో అందరూ సిటిజను కాగితాల కోసం పరుగులు పెట్టారు. ఇతను నాకు తెలుసు, మంచివాడు, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు అని గౌరవమున్నవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి. మా లైన్లలో సగం మందికి నేనే పెట్టాను. పొద్దున్నే వరస కట్టేవారు. ప్రతిరోజూ ఆ వరసలో ఆయన కోసం చూశాను. రాలేదు.

మెర్దెకా రోజు పొద్దున తోట బడి పిల్లలు కొత్త జెండాలు పట్టుకుని లైన్ల చుట్టూ తిరిగారు. అందరికీ బన్నూ ఆరెంజి నీళ్ళూ పంచారు. గుమాస్తా గదిలో రేడియో పెద్దగా పెట్టారు. ఆయన ఆ గుంపులో లేడు. వెతుక్కుంటూ వెళ్ళాను. వర్క్‌షాపు వెనకాల తూము మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో ఇచ్చిన బన్ను ఒళ్ళో ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన కంగారుపడి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"మావా, నీ కాయితం అయిందా?"

"అయిపోనాది బాబూ."

"ఎవరు పెట్టారు సంతకం?"

"సంపానాయన ఎవుళ్ళో పెద్దమనిషిని తెచ్చినాడు. ఇంకోటి కెడై కొట్టు చీనాయన ఎట్టినాడు."

"నన్నెందుకు అడగలేదు? ఊరందరికీ పెట్టాను. నీ గురించి నాకంటే ఎవరికి తెలుసు మావా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. కోపం లేదు. నాకింత చిన్న విషయం తెలియదేమిటా అని నిజంగానే ఆశ్చర్యం.

"అదేటి బాబూ. నాను మీకు తెల్దని పోలీసు మాతాలకి రాసిచ్చినారు గదా. ఆ కాయితం ఆళ్ళకాడే ఉంటాది. ఇప్పుడు తెలుసునని ఇంకోటి రాస్తే, రెండూ పక్కపక్కనెట్టి సూసినోడు ఊరుకుంటాడా? పిల్లలున్నోరు మీరు."

అవతల పిల్లలు మెర్దెకా, మెర్దెకా అని అరుస్తూ వెళ్తున్నారు. ఆ అరుపు దూరమయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

"మావా, ఆ రోజు నేను..."

"మీ తప్పేటి లేదు. ఇంటికాడ అమ్మగోరు కడుపుతో ఉన్నారు." జ్వరం ఎన్నాళ్ళుగా ఉందో చెప్పినట్టు మామూలుగా అన్నాడు. "ఒక్కటే బాబూ. త్రాసు మాట ఎత్తకు అన్నారు మీరు. మీరు అనకపోయినా నాను ఎత్తను గదా."

ఆయన బన్ను రెండు ముక్కలు చేసి పెద్దది నా చేతిలో పెట్టాడు. "తినండి, మెత్తగున్నాది." తిన్నాను. ఆయనా తిన్నాడు. పంచె దులుపుకుని లేచి, "ఎల్లొస్తాను బాబూ," అని గట్టు వైపు నడిచాడు.

ఆ తరవాత నేను ఆ తోటలో ఆరేళ్ళున్నాను. ఆయనకు మలేరియా తిరగబెట్టేది, సయాం నుంచి తెచ్చుకున్నదే. జ్వరం వచ్చిన రోజున దుప్పటి కప్పుకుని, నా ఆసుపత్రి ముందు నుంచే నడిచి వెళ్ళి, రోడ్డు మీద బస్సు కోసం నిలబడేవాడు. తెలుక్ ఆన్సన్ సర్కారు ఆసుపత్రికి రెండు గంటల దారి. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేవాణ్ణి, బస్సు వచ్చేదాకా.